మూరెడు గోడ

ఎవరింటికి వెళ్లినా ప్రేమావతి ముందు తలెత్తి పైకప్పు చూస్తుంది. మనుషుల్ని తరవాత చూస్తుంది.

కుర్చీ వేసినవాళ్లు, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డవాళ్లు కాసేపు ఆగాలి. ఆమె చూపు దూలం వెంట నడిచి, వాసాల మీదుగా జారి, గోడ దిగి, చివరికి వాళ్ల ముఖాల దగ్గరికి వస్తుంది. అప్పుడు "బాగున్నారా" అని అడుగుతుంది.

ఒకసారి మేనల్లుడికి సంబంధం చూడటానికి మైలవరం వెళ్లారు. కొత్త ఇల్లు. పైన తెల్లటి సీలింగు, దాని అంచుల్లో నీలం లైట్లు. పెళ్లికూతురు ట్రే తెచ్చి ముందు నిలబడింది. ప్రేమావతి పైకి చూస్తూనే ఉంది. పిల్ల తల్లి కంగారు పడింది.

"బల్లేమన్నా ఉందా వదినగారూ?"

"లేదండీ. పాపం, దానికి చోటేదీ?"

ఇంటికి చేరేదాకా ఆమె భర్త స్టీఫెన్ నవ్వుతూనే ఉన్నాడు. సంబంధం మాత్రం కుదిరింది.

ప్రేమావతి తిరువూరు డిపోలో కండక్టరు. పల్లెవెలుగు బస్సు. ఒకరోజు ఎ.కొండూరు వైపు, ఒకరోజు వినగడప వైపు. టికెట్టు మిషను మెడలో వేలాడుతుంటుంది. వేళ్లు మిషను మీద ఉంటాయి, కళ్లు కిటికీలో ఉంటాయి.

ఎ.కొండూరు దాటాక పొలాల మధ్య ఒక ఇల్లు సగం కూలి ఉంది. నట్టింట్లో సీతాఫలం చెట్టు మొలిచింది. ఏటా కాస్తుంది. అద్దం తగిలించిన మేకు ఇంకా గోడకే ఉంది. వినగడప దారిలో ఒక పాత మిద్దె ఉంది. దాని తలుపు మీద ఎవరో చిలకలు చెక్కారు. ఎవరో వాటి ముక్కులు విరిచారు. ఆ తలుపు ముందు రోజూ ఒక గేదె పడుకుని నెమరేస్తుంటుంది. మాఘమాసం చివర్లో ఆ మిద్దె వెనక మోదుగ చెట్టు ఎర్రగా విచ్చుకుంటుంది. అప్పుడు గేదె నల్లదనం కూడా బాగుంటుంది.

డ్రైవరు డానీ అద్దంలోంచి చూసి అరుస్తాడు.

"అక్కా, టికెట్లు కొడతావా, ఇళ్లు బేరం చేస్తావా?"

"నువ్వు రోడ్డు చూడరా తమ్ముడూ. ఆ రెండూ నేను చూసుకుంటా."

ఆమె పెరిగిన ఇల్లు, ఇప్పుడున్న ఇల్లు ఒకటే. నిజానికి అది సగం ఇల్లు.

తిరువూరు పాతవీధిలో అది పొడుగాటి పెంకుటిల్లు. ఒకప్పుడు అంతా ఒకే కుటుంబానిది. పెద్ద రైతులు. అన్నదమ్ములు దశరథరామయ్య, సీతారామారావు పంచుకున్నారు. ఇంటికి సరిగ్గా నడుమ ఒక అడ్డగోడ ఉంది. అటు అన్న, ఇటు తమ్ముడు. రెండు వైపుల దూలాలూ ఆ గోడ మీదే కూర్చుంటాయి.

ఆ గోడ దగ్గరే గొడవ వచ్చింది. తమ్ముడి భార్య దేవుడి పటానికి మేకు కొట్టింది. మొన అవతలికి వచ్చిందని అన్న భార్య పిచ్చమ్మ అంది. రాలేదని ఈమె అంది. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. గోడ మందం మూరెడు. చెరి జానెడు మందం పంచారు. ఎవరి జానెడులో వాళ్లు మేకులు కొట్టుకోవాలి. అవతలి జానెడులోకి మొన పోకూడదు. అందరూ ఒప్పుకుని కాఫీలు తాగి లేచారు. గోడను నిలువునా చీల్చి పంచామని ఆ రోజు ఎవరికీ తోచలేదు. మేకుల గురించి మాట్లాడుకున్నారు, అంతే.

తరవాత తమ్ముడికి అన్న మీద కోపం పెరిగింది. విజయవాడ వెళ్లిపోతూ తన సగం అమ్మేశాడు. అన్నకు ఏది ఎక్కువ కష్టంగా ఉంటుందో ఆలోచించి అంతోనయ్యకు అమ్మాడు.

అంతోనయ్య ప్రేమావతి తండ్రి. ఎలిమెంటరీ స్కూలు టీచరు. క్రైస్తవుల పేట నుంచి పాతవీధికి వచ్చి ఇల్లు కొన్న మొదటి మనిషి. అతని తండ్రి ఆ ఇంట్లోనే పాలేరు. అరుగు కింద నిలబడి కండువా పట్టేవాడు. గింజలు అరుగు మీద నుంచి కండువాలోకి పడేవి. అరుగు ఎక్కే వీలు ఉండేది కాదు.

ఇల్లు చేతికొచ్చిన రోజు అంతోనయ్య అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేపరు చదవలేదు. ఎవరినీ పలకరించలేదు. చీకటి పడేదాకా ఊరికే కూర్చున్నాడు. ప్రేమావతి చిన్నపిల్ల. నాన్న కాళ్ల దగ్గర కూర్చుని, చేసే పని లేక, పైకి చూసింది. టేకు దూలం. తాటివాసాలు. వాటి సందుల్లో పిచ్చుకలు. ఆ చూపు అప్పుడు మొదలైంది.

నాయనమ్మ మాత్రం ఆ ఇంట్లోకి వచ్చాక గోడల దగ్గరికి వెళ్లి చేత్తో తట్టింది.

"ఈ గోడ మట్టి మేం తొక్కాం. నాకప్పుడు ఓణీ కూడా లేదు. గుంటలో వరిగడ్డి వేసి, నీళ్లు పోసి, ఆడాళ్లం వరసగా నిలబడి తొక్కేవాళ్లం. మగాళ్లు ముద్దలు చేసి పెట్టేవాళ్లు. ఒక వరస ఆరాక ఇంకో వరస. గోడ లేచింది. లేచాక మమ్మల్ని బయటికి పొమ్మన్నారు."

ఆమె ఈ మాట నవ్వుతూ చెప్పింది. ప్రేమావతి నవ్వుతూ వినలేదు.

ఇప్పుడు దశరథరామయ్య లేడు. అతని కొడుకు గిరిబాబు స్థలాల వ్యాపారం చేస్తాడు. ప్రేమావతిది, అతనిది దాదాపు ఒకే వయసు. గోడకు అటూ ఇటూ పెరిగారు. అతను ఆమెను నువ్వు అంటాడు. ఆమె కూడా అతన్ని నువ్వు అంటుంది. ఎవరు ఎలా పిలిస్తే అలాగే పలకమని అంతోనయ్య నేర్పాడు. వీధిలో కొందరికి ఇది ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది.

మొన్న వేసవిలో గిరిబాబు ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీదే కూర్చున్నాడు.

"మా సగం తీసేస్తున్నాం ప్రేమావతీ. కింద షాపులు, పైన ఫ్లాట్లు. నువ్వు కూడా కలువు. మొత్తం ఒకటే బిల్డింగు లేస్తుంది. నీకు రోడ్డు మీదికి ఒక షాపు, పైన ఒక ఫ్లాటు."

"నాకొద్దు."

"ఆలోచించి చెప్పు."

"ఆలోచించే చెప్పాను. నీ సగం నీ ఇష్టం. నా సగం ఇలాగే ఉంటుంది."

"ఈ కొంపలో ఏముంది? వానకి కురుస్తుంది, ఎండకి పెంకులు పగుల్తాయి. మీ ఆయన్నడుగు."

స్టీఫెన్ లోపలి నుంచి పలికాడు. అతను ఊళ్లో కరెంటు వైరింగు పని చేస్తాడు.

"నన్నడక్కు బావా. ఇక్కడ స్విచ్చి బోర్డు పెట్టాలని డ్రిల్లు పెడితే గోడ కాదు, మా అత్తగారి అత్తగారు రాలతారు."

గిరిబాబు నవ్వాడు. లేచి వెళ్లేముందు గోడ వైపు చెయ్యి చూపించాడు.

"అడ్డగోడలో మా జానెడు మేం తీసుకుంటాం మరి. పెద్దలు పంచిందే కదా. పునాదికి మాకు ఆ చోటు కావాలి."

అతను వెళ్లాక స్టీఫెన్ గోడ దగ్గర నిలబడ్డాడు. నవ్వు పోయింది.

"మట్టిగోడని సగం చెక్కితే మిగతా సగం నిలబడదు ప్రేమా. దూలం మనవైపుకి వస్తుంది. ఇల్లంతా కూచుంటుంది."

"తెలుసు."

"వాడికీ తెలుసు."

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక యేసురాజు ఆమెను ఆపాడు. సంఘపెద్ద, ఆమెకు వరసకు అన్న. అతని మాట పేటలో చెల్లుతుంది.

"ఏంటమ్మా, షాపిస్తానన్నా వద్దన్నావంట?"

"అవునన్నయ్యా."

"ఆ గోడేంటో తెలుసుగా నీకు? మన తాతల్ని అరుగెక్కనియ్యని గోడ. అది పడిపోతే స్తోత్రం చెప్పుకోవాలి. నువ్వేమో కౌగిలించుకుంటున్నావు. వాళ్ల జ్ఞాపకాలు మనం మొయ్యాలా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆగి విన్నారు. ఆ మాటలో నిజం ఉందని ప్రేమావతికి తెలుసు. ఆమె తొందరపడలేదు.

"అరుగెక్కనియ్యంది గోడ కాదన్నయ్యా, మనుషులు. గోడ మనది. మట్టి తెచ్చింది మనం, తొక్కింది మనం, పెట్టింది మనం. సున్నం నూరింది మనం. ఈ ఊళ్లో ఏ పాత ఇల్లు చూసినా పైన పేరు వాళ్లది, లోపల చెయ్యి మనది. అవన్నీ పోయాక మనవాళ్లు ఏం చేశారని పిల్లలకి ఏం చూపిస్తావు?"

"బైబిలు చూపిస్తా."

"చూపించు. నేను గోడ కూడా చూపిస్తా."

ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. యేసురాజు తల అడ్డంగా ఊపి చెప్పులు వేసుకున్నాడు.

గిరిబాబు వాళ్లు అద్దె ఇంటికి మారారు. పెంకులు దించారు. వాసాలు, దూలాలు విప్పి లారీలో వేశారు. జేసీబీ మూడు గోడలు తోసింది. అడ్డగోడ ఒక్కటి మిగిలింది.

అంతవరకూ ఇంటి లోపల ఉన్న గోడ ఇప్పుడు వీధికి ఎదురుగా నిలబడింది. దాని మీద ఒక కుటుంబం బతికిన గుర్తులన్నీ ఉన్నాయి. క్యాలెండరు తగిలిన చోట గోడ తెల్లగా ఉంది. తలలు ఆనిన చోట నూనె మరక వరసగా సాగింది. పిల్లల ఎత్తులు బొగ్గుతో గీశారు. పసుపు రాసిన దేవుడి గూడు, దాని పైన దీపం మసి పెద్ద నల్లటి ఆకులా అంటుకుంది. దూలాలు కూర్చున్న గుంటల్లోకి పిచ్చుకలు అప్పుడే గడ్డి మోస్తున్నాయి.

ప్రేమావతి డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కాతోనే వీధిలో నిలబడి చూసింది. ఇన్నేళ్లు ఈ గోడకు ఒక ముఖమే తెలుసు ఆమెకు. రెండోది ఇప్పుడే చూసింది. బాగుంది అనుకుంది. ఎవరిదో అని అనుకోలేదు.

టీ కొట్టు దగ్గర ఒకతను అన్నాడు. "ఏంది కండక్టరుగారూ, సినిమా చూసినట్టు చూస్తన్నారు?"

"టికెట్టు లేదుగా, చూస్తున్నా."

రెండు రోజులకు కూలీలు గునపాలు పట్టుకుని గోడ చెక్కడం మొదలుపెట్టారు. పైనుంచి కిందికి. ప్రేమావతి ఇంట్లోనే ఉంది, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. అన్నం గిన్నెలో మట్టి రాలింది. తలెత్తింది. దూలం గోడలో కూర్చున్న చోట సన్నటి చీలిక పాకుతోంది. ఒక పెంకు జారి వాకిట్లో పడింది.

ఆమె చెయ్యి కడుక్కుని వీధిలోకి వచ్చింది. గిరిబాబు స్థలంలోకి నడిచింది.

"ఆపండి."

కూలీలు ఆగారు. గిరిబాబు ఫోను చెవి దగ్గరి నుంచి తీశాడు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో అతని తల్లి పిచ్చమ్మ కూర్చుని ఉంది. ఇల్లు కూల్చినన్ని రోజులూ కొడుకు స్కూటరు మీద వచ్చి చూస్తూనే ఉంది.

"ఏంటి ప్రేమావతీ, మళ్లీ మొదలా?" అన్నాడు గిరిబాబు. "మా జానెడు మేం తీసుకుంటున్నాం. పెద్దలు పంచారు. మా అమ్మే సాక్షి."

"తీసుకో. కాదన్లేదు."

"మరి?"

"మీ వాళ్లు తొక్కిన మట్టి ఎంతుందో చూపించు. అంతా తీసుకెళ్లు. ఒక్క ముద్ద కూడా ఆపను."

అతనికి వెంటనే అర్థం కాలేదు. గునపం పట్టుకున్న కూలీకి అర్థమైంది. అతను గునపం నేల మీద ఆనించి పక్కకు చూశాడు. టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగాయి.

"చూపించు గిరిబాబూ. ఈ వరసా, ఆ వరసా? ఎవరు తొక్కారు, మీ తాతా, మీ నాయనమ్మా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. డబ్బులిచ్చి కట్టించుకున్నారు మావాళ్లు."

"ఏం డబ్బులు? గింజలు. అవి పైనుంచి పడేవి, కండువాలో."

అప్పుడు వేపచెట్టు కింద నుంచి నవ్వు వినిపించింది. పిచ్చమ్మ నవ్వుతోంది. పళ్లు లేని నవ్వు.

"అమ్మాయి అడిగినదానికి చెప్పరా. మన తాతలు తొక్కారా మట్టి? మా మావగారి కాలికి చారెడు బురద అంటితే గాబులో నీళ్లన్నీ అయిపోయేవి."

టీ కొట్టు అంతా నవ్వింది. కూలీలు కూడా తలలు వంచుకుని నవ్వారు. గిరిబాబు ముఖం నల్లబడింది.

"నువ్వు నోరుముయ్యమ్మా."

"మూస్తాలే. మేకు మొన అప్పుడు నిజంగా రాలేదురా ఇటు. నా తోడికోడలి మీద కోపంతో అన్నాను. దానికి పోయి గోడ పంచారు వెధవలు."

గిరిబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. తరవాత కూలీలను పొమ్మన్నాడు. ప్రేమావతి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సరే. చెక్కను. గోడంతా నువ్వే ఉంచుకో. కానీ ఈ నేల నాది. ఇటు నుంచి గోడ ముట్టుకోవడానికి నీకు హక్కు లేదు. రేపు కంచె వేయిస్తా. కాలు పెట్టావంటే కేసు పెడతా. పైన కప్పు లేదు, ఇటు చూరు లేదు. జూన్ వస్తోంది. నేనెందుకు చెక్కడం? వాన చూసుకుంటుంది."

అతను తల్లిని స్కూటరు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పిచ్చమ్మ వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తూ వెళ్లింది.

అతను చెప్పింది నిజం. గోడ మీద చెక్కిన చోట పచ్చి మట్టి బయటపడింది. గడ్డిపోచలు కనిపిస్తున్నాయి. సున్నం పొర పోయిన మట్టి వానకు బెల్లంలా కరుగుతుంది. తమ వైపు నుంచి ఎంత చేసినా అటు ముఖాన్ని కాపాడలేరు.

సాయంత్రం పడమట మబ్బు పట్టింది. మామిడి తోటల మీదుగా తడి గాలి వచ్చింది. స్టీఫెన్ నిచ్చెన ఎక్కి తమ వైపు నుంచే గోడ తల మీద టార్పాలిన్ విసిరాడు. అది అవతలికి సగం దాకా జారి, గాలికి కొట్టుకుంటూ నిలబడింది. నాలుగు చినుకులు పడి ఆగాయి.

స్టీఫెన్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "పిచ్చుకలు భయపడుతున్నాయి."

"ఆ పట్టా తెల్లారి తీసేద్దాం."

"తీసి?"

ఆమె చెప్పింది. స్టీఫెన్ విన్నాడు.

"కేసు పెడతాడు ప్రేమా. మనకి ఉద్యోగం ఉంది. నీది గవర్నమెంటు ఉద్యోగం."

"పెట్టనీ."

"షాపొచ్చేది, ఫ్లాటొచ్చేది. పిల్ల పెళ్లికి బాగుండేది."

"మన మేఘన ఈ ఇంట్లో పుట్టింది. దాన్ని అడిగాను. ఇల్లు ఇవ్వద్దంది."

"నన్నెవరూ అడగలేదు."

ప్రేమావతి అతని వైపు చూసింది. "అడుగుతున్నా. వద్దంటే మానేస్తా."

స్టీఫెన్ వెళ్లి నిచ్చెన మెట్లు ఊపి చూశాడు.

"నేను పట్టుకుని నిలబడతా నిచ్చెన. కానీ ఎక్కను. ఇద్దర్నీ తీసుకెళితే విడిపించేవాళ్లు ఉండరు."

మర్నాడు ఆమెకు వారపు సెలవు. పొద్దున్నే పాత లంగా మీద స్టీఫెన్ చొక్కా తొడుక్కుంది. గిరిబాబు స్థలంలో కూలిన గోడల మట్టి కుప్పగా ఉంది. అందులోంచే కావలసినంత పక్కకు లాగింది. రాళ్లు ఏరింది. నీళ్లు పోసింది. ఎదురింటి నుంచి మోపెడు వరిగడ్డి అడిగి తెచ్చి కత్తిరించి చల్లింది. తొక్కడం మొదలుపెట్టింది. ముందు కాలు జారింది. తరవాత జారలేదు.

వీధి లేచింది. పాలకు వెళ్లేవాళ్లు ఆగారు. బస్సుకు వెళ్లే ఆడవాళ్లు ఆమెను గుర్తుపట్టి "కండక్టరమ్మా, ఇవాళ బండి లేదా?" అని అడిగారు. "ఉంది, వేరేవాళ్లు వస్తారు, పొండి" అంది. యేసురాజు సైకిలు మీద వచ్చి చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి అతని భార్య పార పట్టుకుని వచ్చింది.

చెక్కిన చోట నీళ్లు చిలకరించి ముద్దలు పెట్టింది ప్రేమావతి. కింది నుంచి పైకి. అరచేత్తో కొట్టి, అంచులు కలిపింది. దేవుడి గూడు మీద పగులు వచ్చింది. లోపల మసి చెదరకుండా చుట్టూ మాత్రం మెత్తింది. దూలాల గుంటలు మూయలేదు. స్టీఫెన్ నిచ్చెన పట్టుకుని, పైనుంచి రాలే బురద తల మీద పడుతుంటే తిట్టుకుంటూ నిలబడ్డాడు.

గిరిబాబు వచ్చాడు. వెనక ఆటోలో కంచె తీగ చుట్టలు ఉన్నాయి.

"దిగు."

"ఇంకా పైన ఉంది."

"ఇది నా స్థలం. దిగమంటున్నా."

"వినపడింది."

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. వచ్చేలోపు ఈ వరస అయిపోతుంది."

అతను ఫోను తీశాడు. ప్రేమావతి కిందికి చెయ్యి చాపింది. యేసురాజు భార్య ఇంకో ముద్ద అందించింది. ఆమె దాన్ని గోడకు కొట్టి, నిచ్చెన మీద ఇంకో మెట్టు ఎక్కింది.